రోకలి ముందు కొస

మొన్న అటక మీది సామాన్లు దించుతుంటే మా అవ్వ రోకలి చేతికి తగిలింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇంకా కొర్రల తవుడు వాసనే. ఈ రోకలి మోసిన ఏడాది, ముదిగుబ్బ పక్కన మా పల్లెలో నాయంత గొప్పది ఇంకొకతె లేదు, కనీసం నా లెక్కలో.

ఊళ్ళోకి కరెంటు రాని రోజులు, నాకు తొమ్మిదేళ్ళు. చెనిక్కాయ, అదే వేరుశనగ, విత్తి నెల దాటినా చినుకు లేక, నేల నెర్రెలు విచ్చి, పొద్దు నడినెత్తికి రాకముందే ఆకులు ముడుచుకుంటుంటే, పిల్లలమంతా వాన కోసం కప్పతల్లిని ఊరేగించాం. తడిగుడ్డలో కట్టిన కప్పను వేపమండలతో కలిపి రోకలి నడుమ వేలాడదీసి, ముందు కొస నేనూ, వెనక కొస పక్కింటి నరసమ్మా భుజాన పెట్టుకుని ఇంటింటికీ తిరిగితే, ఆడవాళ్ళు కప్ప మీదా మా మీదా చెంబులతో నీళ్ళు గుమ్మరించి, చేటలతో కొర్రలు పెట్టేవాళ్ళు. ఆ కొర్రలు వండించి, అన్నంలో బెల్లం కలుపుకుని, తడి పావడాలతో వణుకుతూ తింటే ఎంత బాగుండేదో! కప్పను బావి దగ్గర వదిలేశాం. మూడోనాడు వాన దంచింది.

ఇంకేముంది, నా కాళ్ళు నేల మీద ఆనలేదు. నీళ్ళకు పొమ్మంటే పోలేదు. ఎదురింటి లక్ష్మక్కతో, "నువ్వు చెంబు సగమే పోస్తివి, అందుకే మీ చేను సగమే తడిసినాది" అన్నాను. ఆమె పడీపడీ నవ్వి బెల్లంముక్క చేతిలో పెట్టింది. నరసమ్మ మాత్రం ఊరుకోలేదు.

"నేను గూడా మోసినా గదే!"

"నువ్వు యెనక మోస్తివి. వాన నన్నే చూసి వచ్చినాది."

పాపం, కళ్ళనీళ్ళు పెట్టుకుని వెళ్ళిపోయింది.

కాయ పీకి చేలో కుప్పలు వేశాక మళ్ళీ ముసురు పట్టి మూడు రోజులు వదల్లేదు. కుప్పల్లో కాయ మొలకెత్తుతోందని నాయన అరుగు మీద తల పట్టుకుని కూర్చున్నాడు. ఈ వానా నాదేనని నాకు గట్టి నమ్మకం. భయపడుతూ దగ్గరికెళ్ళి ఒప్పుకున్నాను.

"నాయనా, వాన తెప్పిచ్చింది నేనే... నరసమ్మ గూడా మోసినాది!"

నాయన అరుగు అదిరేలా నవ్వాడు. "ఏమమ్మా, మబ్బులన్నీ నీ మాటే ఇంటాండాయా? అయితే పొమ్మని చెప్పు పో!"

వాకిట్లో తడుస్తూ నిలబడి, ఆకాశానికి వేలు చూపించి గద్దించాను. తెల్లారి ఎండ కాసింది, కాయ చాలావరకు దక్కింది. ఆ ఎండలో నరసమ్మకు వాటా ఇవ్వలేదని వేరే చెప్పాలా?

ఇప్పుడు అనంతపురంలో మా వీధంతా సిమెంటు. కప్ప గొంతు విని ఎన్నేళ్ళయిందో. కొర్రలు షుగరున్నవాళ్ళ కోసం ప్యాకెట్లలో వస్తున్నాయి. నరసమ్మ పోయి రెండేళ్ళయింది. ఎవరూ చూడటం లేదు గదా అని రోకలిని భుజాన పెట్టుకున్నాను. వెనక పట్టేవాళ్ళు లేక రెండో కొస నేలకు దిగింది.

సాయంత్రం నాలుగు చినుకులు రాలాయి. సగం నీవేలే, నరసమ్మా.