మా మామకు పడ్డ సమాజసేవ

మా మామ ఒకరిని తిట్టగా నేను వినలేదు. ఆ మాటకొస్తే ఒకరితో వరసగా నాలుగు మాటలు మాట్లాడగా కూడా వినలేదు. ఆయన నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద పనిచేసి రిటైరయ్యారు. ఆ మిషన్ల మోతలో నోటితో చెప్పి లాభం లేదు కాబట్టి అక్కడ అందరూ చేతులతోనే మాట్లాడుకునేవారట. ఇంటికొచ్చాక కూడా ఆయనకు ఆ అలవాటు పోలేదు. వేలు ఎత్తితే చాయ్. అరచెయ్యి అడ్డం పెడితే అన్నం చాలని. రెండు చేతులూ కిందికి ఊపితే టీవీ సౌండ్ తగ్గించమని. కొత్త కోడలిగా వచ్చిన రోజుల్లో ఆయన చాయ్ అడిగితే నేను లేచి ఫ్యాన్ వేశాను. ఆయన ఆ గాలికే కూర్చున్నారు.

అలాంటి మనిషి మీద పోలీసు కేసయింది.

అది బోనాల ఆదివారం. మధ్యాహ్నం మా అత్తమ్మ బోనమెత్తుకుని ముందు నడుస్తోంది, నేను వెనక నీళ్ల చెంబుతో. ఏడాదంతా సీసా ముట్టని మామ ఆ ఒక్కరోజు మాత్రం పాత ఫ్యాక్టరీ దోస్తులతో కూర్చుంటారు. ఆరోజు కూడా కూర్చున్నారు. అమ్మవారికి నైవేద్యాలు తెచ్చే ఫలహారం బండి మెయిన్ రోడ్డు మీదికి వచ్చేసరికి అటు హబ్సిగూడ దాకా, ఇటు మల్లాపూర్ దాకా బండ్లు ఆగిపోయాయి. డప్పుల మోత, హారన్ల మోత. ఆ మోతలో మామకు ఫ్యాక్టరీ గుర్తొచ్చిందో ఏమో, గుంపులోంచి బయటికొచ్చి, రోడ్డు మధ్యలో ఉన్న సిమెంటు దిమ్మ ఎక్కి, చేతిలో వేపమండ పట్టుకుని ట్రాఫిక్ నడపడం మొదలుపెట్టారు.

విచిత్రమేమిటంటే అందరూ విన్నారు. ఆయన చెయ్యి ఎత్తితే ఆటోలు ఆగాయి. వేపమండ ఊపితే బైకులు కదిలాయి. మల్లాపూర్ పోవాల్సిన సిటీ బస్సును ఒక సందులోకి చూపిస్తే, ఆ డ్రైవర్ కూడా ఇదేదో డైవర్షన్ అనుకుని సందులోకి తిప్పాడు. ఆ సందు చివర ఒక అపార్టుమెంటు గేటు తప్ప ఇంకేమీ లేదు. బస్సు వెనక మరో పది బండ్లు దూరాయి. అప్పుడే పోలీసు జీపు వచ్చింది. మామ దాన్నీ ఆపారు.

ఎస్సై దిగి నవ్వుతూనే అన్నాడు. "పెద్దాయనా, కిందికి దిగు. మేం చూసుకుంటం."

మామ దిగలేదు. వేపమండ ఎస్సై వైపు చూపించి, ఆ రోడ్డంతా వినబడేలా అన్నారు. "లైసెన్స్ చూపియ్!"

డప్పులు ఆగిపోయాయి. ఎస్సై ఓపికగా, "ఇంట్ల మర్చిపోయిన, దిగు" అన్నాడు. మామ ఒప్పుకోలేదు. "గట్లయితే బండి పక్కకు వెట్టు."

ఈలోపు సందులోని బస్సు ప్రయాణికులు దిగి, దారి చూపించింది ఎవరని వెతుక్కుంటూ వచ్చారు. ఇక ఎస్సైకి వేరే దారి లేకపోయింది. మామను జీపెక్కించారు. నెత్తి మీద బోనంతో అత్తమ్మ పరుగెత్తలేదు, ఆగలేదు. "అమ్మా తల్లీ, నీ పండుగ పూట ఇదేంది!" అని ఆ తల్లినే అడుగుతూ నడిచింది.

సాయంత్రానికి సంతకాలు తీసుకుని ఇంటికి పంపారు. కోర్టుకు రావాలన్నారు. మర్నాడు మామ మంచం దిగలేదు. తాగినప్పుడు ఏం చేశారో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. జీపు రాకముందు ఎవరో తీసిన వీడియో అప్పటికే మా వీధి గ్రూపులో తిరుగుతోంది.

మా ఆడబిడ్డ భర్త వకీలు. నేను ఆయన్ని అన్నయ్యా అంటాను. ఆయన వచ్చి కూర్చుని ధైర్యం చెప్పబోయారు. "ఇది మస్తు చిన్న కేసు అత్తమ్మా. తాగి పబ్లిక్‌ల లొల్లి చేసుడు. పాత చట్టంల ఐదు వందల పది. ఇప్పుడు కొత్త న్యాయ సంహితల మూడు వందల… ఆగుండ్రి." ఫోను తీసి వెతికారు. "ఆఁ, మూడు వందల యాభై ఐదు. ఏం చేస్తం, ఇన్నేండ్లు బట్టీ పట్టిన నంబర్లన్నీ మార్చిపారేసిన్రు. నిద్రల లేపి అడిగినా హత్య అంటే మూడు వందల రెండు అని చెప్తుంటి. ఇప్పుడది నూట మూడట."

అత్తమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఈయన హత్య చెయ్యలే గదా అల్లుడా! గది ఎందుకు చెప్తున్నవ్?"

"మాట వరసకు చెప్పిన అత్తమ్మా. ఫికర్ చెయ్యకు. ఫైన్ కట్టి బయటికొస్తం."

కోర్టులో మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. మేజిస్ట్రేటు మేడమ్ నాకంటే నాలుగైదేళ్లు పెద్దదై ఉంటుంది. కాగితం చదువుతూ ఒకచోట ఆగి, కళ్లజోడు సర్దుకుని మళ్లీ చదివింది.

"మీరు ఎస్సైని లైసెన్స్ అడిగారా?"

మామ తల ఊపి, చేత్తో ఏదో సైగ చేశారు.

"నోటితో చెప్పండి."

"అడిగిన మేడమ్."

"చూపించారా?"

"లేదు మేడమ్. ఇంట్ల మర్చిపోయిండట."

హాలంతా నవ్వింది. అన్నయ్య ఒక్కరే నవ్వలేదు. ముందుకొచ్చి, ముసలాయనని, మొదటి తప్పని, జరిమానాతో వదిలేయమని వేడుకున్నారు. మేడమ్ పెన్ను పక్కన పెట్టింది.

"జరిమానా ఈయన కొడుకు కడతాడు. ఈయనకేం తెలుస్తుంది? కొత్త చట్టంలో దీనికి సమాజసేవ కూడా ఉంది. ట్రాఫిక్ నడపడం ఈయనకు ఇష్టంలా ఉంది. నాచారంలో స్కూలు ముందు, పొద్దున బడికి పిల్లలు వచ్చే టైముకి, సాయంత్రం వదిలే టైముకి, రెండు వారాలు ట్రాఫిక్ వాళ్లతో కలిసి పిల్లల్ని రోడ్డు దాటించాలి. ఈసారి తాగకుండా."

మామ చేతులు జోడించి అన్నారు. "మేడమ్, జైలుకు పంపుండ్రి. జైల్ల అయితే ఎవ్వలు సూడరు."

మేడమ్ నవ్వు ఆపుకుంటూ తర్వాతి కేసు పిలవమంది.

బయట అన్నయ్య తల గోక్కున్నారు. ఆయన ప్రాక్టీసులో ఈ శిక్ష పడడం ఇదే మొదటిసారట. ఏ సేవ చెయ్యాలి, ఎవరు చూడాలి, సరిగ్గా చేశాడని ఎవరు చెప్పాలి, ఇవన్నీ చట్టంలో వివరంగా రాయలేదని, అంతా జడ్జి మనసు మీద ఉంటుందని చెప్పారు. వేరే కోర్టులో ఒకాయనకు పార్కు ఊడ్చే పని పడితే, రోజూ వెళ్లి చీపురు పట్టుకుని ఫోటో దిగి వచ్చేశాడట. "మామను గిట్ల చెయ్యమంటే చెయ్యడు గదా" అని నిట్టూర్చారు.

ఫోనులో సంగతి విన్న అత్తమ్మ ఇంటి దగ్గర అప్పటికే కథ తయారుచేసింది. మేం గేటు తీసేసరికి పై అంతస్తు ఆమెతో అంటోంది. "ఆ వీడియో చూసే సర్కారోళ్లు పిలిచిన్రమ్మా. నీ అంత మంచిగ ట్రాఫిక్ నడిపేటోడు లేడు, జర వచ్చి సాయం చెయ్యమన్నరు."

మొదటిరోజు నేనే స్కూటీ మీద దింపాను. నా ఆఫీసు ఉప్పల్‌లో, స్కూలు దారిలోనే. అక్కడున్న ట్రాఫిక్ కానిస్టేబుల్ ఒక అమ్మాయి. మామకు మెరిసే పట్టీల జాకెట్ తొడిగి, ఈల మెడలో వేసి, "చెయ్యి గట్టిగ ఎత్తాలె, సరేనా పెద్దాయనా?" అని రోడ్డు మధ్యకు పంపింది.

తాగినప్పుడు బస్సును తిప్పిన మనిషి ఇప్పుడు చెయ్యి ఛాతీ దాకా కూడా ఎత్తలేకపోయారు. క్లాసులో ఒకటికి వెళ్లొస్తానని అడిగే పిల్లాడిలా సగం ఎత్తి సగంలో ఆపారు. ఒక్క ఆటో కూడా ఆగలేదు. ఒక బైకతను ఆయన దారి అడుగుతున్నాడనుకుని, "ఉప్పల్ రింగ్ రోడ్డా? సీదా పో" అని చెప్పి వెళ్లిపోయాడు. చూసీ చూసీ పిల్లలు ఆయన్నే మధ్యలో వేసుకుని గుంపుగా అవతలికి దాటించారు. పిల్లలు బడిలోకి వెళ్లిపోయారు. మామ అవతలే నిలబడి, ఇవతలికి ఎలా రావాలో తెలియక చాలాసేపు అటూ ఇటూ చూశారు. చివరికి కానిస్టేబుల్ వెళ్లి తీసుకొచ్చింది.

సాయంత్రం ఇంటికి తెచ్చేటప్పుడు నాకు ఒక సంగతి తట్టింది. స్కూటీ వెనక కూర్చున్న మనిషి చేతులు ఊపితే నాకు కనిపించవు. ఏం చెప్పాలన్నా నోరు తెరవాల్సిందే. కొంతదూరం వచ్చాక వెనక నుంచి సన్నగా వినిపించింది.

"బిడ్డా, నీ ఆఫీసుల మంది నీ మాట ఇంటరా?"

మూడేళ్లలో ఆయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది. స్కూటీ కొంచెం వంకర పోయింది.

"అందరు వినరు మామా. అయినా చెప్తా."

"భయం గాదా?"

"అవుతది. లోపల పెట్టుకుంటా."

 మర్నాడు పొద్దున, ఆ తర్వాతి రోజు కూడా స్కూటీ మీద మాట్లాడారు. ఫ్యాక్టరీలో ఎవరు మంచోళ్లు, ఏ మిషన్ ఎలా మొరాయించేది, మా ఆయన చిన్నప్పుడు బడికి పోనని ఎలా ఏడ్చేవాడు. ఒకరోజు ఆ బోనాల సంగతి కూడా ఆయనే ఎత్తారు.

"తప్పే బిడ్డా. కని నిజం చెప్తున్న. ఫ్యాక్టరీల ఉన్నప్పుడు నేను చెయ్యి ఎత్తితే లైన్ మొత్తం ఆగుతుండె. ఇంటికాడ కూసున్నంక ఎవ్వలు ఆగరు. ఆనాడు మల్ల అందరు ఆగిన్రు."

 సిగ్నల్ పడింది, బ్రేకు వేశాను. ఆరోజు ఇంటికి రాగానే ఆయన అడగకముందే చాయ్ పెట్టాను.

ఈలోగా అత్తమ్మ కథ కాలనీలో బాగా పాకింది. పొద్దున జాకెట్ వేసుకుని బయల్దేరే మామకు దండాలు పెరిగాయి. ఒక ఆదివారం పై అంతస్తు ఆమె భర్త పీర్జాదిగూడలో ఉండే తన తమ్ముణ్ని వెంటేసుకుని మెట్లు దిగి వచ్చాడు. తమ్ముడి ఫోను నిండా హెల్మెట్ లేని ఫోటోలు.

"అన్నా, జర ఈ చలాన్లు తీసేయించు. నీకు లోపల పరిచయాలున్నయట గదా."

అత్తమ్మ వంటింట్లోంచి గట్టిగా గిన్నెల చప్పుడు చేసింది. మామ ఎప్పటిలా చేతులు ఊపుతారనుకున్నాను. ఆయన నోటితోనే, నిదానంగా చెప్పారు. "నాకేం పరిచయాలు లేవు తమ్మీ. నేను తాగి లొల్లి చేసిన. కోర్టుల శిక్ష వడ్డది. గా శిక్షే చేస్తున్న."

పై అంతస్తాయన నొచ్చుకున్నాడు. "చెయ్యనంటే చెయ్యనని చెప్పు అన్నా. గింత పెద్ద అబద్ధం ఎందుకు?" తమ్ముణ్ని తీసుకుని మెట్లెక్కి వెళ్లిపోయాడు. నిజం చెప్పినా నమ్మరని తేలాక అత్తమ్మ ధైర్యంగా బయటికొచ్చింది.

రెండో వారంలో ఒక పొద్దున నేను మామను దింపి, స్టాండు తీయబోతూ ఆగాను. పిల్లలు సగం రోడ్డు దాటారు. జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకు పోయే చెత్త లారీ ఒకటి, పైన టార్పాలిన్ ఎగురుతూ, వేగం తగ్గకుండా వస్తోంది. కానిస్టేబుల్ అవతలి పక్క ఎవరితోనో ఉంది. మామ ఈల ఊదబోయారు, ఈలలోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. ఈల వదిలేసి, చెయ్యి నెత్తి మీదికెత్తి ఒక్క కేక వేశారు.

"ఆగూ!"

ఆ గొంతు ఆయనదని తెలియడానికి నాకు ఒక క్షణం పట్టింది. లారీ కీచుమంటూ ఆయనకు బారెడు దూరంలో ఆగింది. పైనుంచి ఒక చెత్త సంచి జారి రోడ్డు మీద పడింది. పిల్లలు ముక్కులు మూసుకుని గబగబా దాటేశారు. మామ చెయ్యి మాత్రం దిగలేదు. పిల్లలు గేటు లోపలికి వెళ్లిపోయారు, అయినా దిగలేదు. వెనక బండ్లన్నీ హారన్లు మొదలుపెట్టాయి. లారీ డ్రైవర్ తల బయటపెట్టి ఎంతో మర్యాదగా అడిగాడు.

"తాతా, ఇగ పోవాల్నా?"

అప్పుడు గుర్తొచ్చి మామ చెయ్యి దించారు. నేను వెళ్లి నీళ్ల సీసా ఇచ్చాను. తాగుతుంటే సగం జాకెట్ మీద పోసుకున్నారు. "నాకు భయమైంది బిడ్డా" అన్నారు. "నాకు కూడా మామా" అన్నాను. ఇద్దరం కలిసి ఆ చెత్త సంచిని రోడ్డు పక్కకు లాగాం.

గడువు అయిపోయాక మళ్లీ కోర్టుకెళ్లాం. కానిస్టేబుల్ ఇచ్చిన రిపోర్టులో, టైముకి వచ్చాడని, పని నేర్చుకున్నాడని ఉంది. మేడమ్ చదివి, కేసు ముగిసిందని చెప్పి, "వెళ్లొచ్చు" అంది. మామ కదల్లేదు. అన్నయ్య ఆయన చొక్కా గుంజారు.

"మేడమ్, ఒక్క మాట. గా స్కూల్ కాడ స్పీడ్ బ్రేకర్ లేదు. రేపటి సంది నేనుండ. లారీలు ఆగయి."

మేడమ్ అది తన చేతిలో లేదని, రోడ్ల ఆఫీసులో దరఖాస్తు పెట్టుకోమని చెప్పింది. బయటికొచ్చాక అన్నయ్య అన్నారు. "ముద్దాయిలు కోర్టుల మాఫీ అడుగుతరు, బెయిల్ అడుగుతరు. స్పీడ్ బ్రేకర్ అడిగినోణ్ని ఇయ్యాల్నే చూసిన."

మామ నిజంగానే దరఖాస్తు పెట్టారు. ఆఫీసు చుట్టూ తిరిగారు. ఎవరి సంతకం ఎక్కడ ఆగిందో కనుక్కున్నారు. చివరికి ఒక పొద్దున తారు, కంకర వచ్చాయి, స్పీడ్ బ్రేకర్ పడింది. కాకపోతే స్కూలు ముందు కాదు, ఇంకాస్త అవతల, వైన్స్ ముందు. ఇప్పుడు అక్కడికి వచ్చేవాళ్లు మాత్రం చాలా క్షేమంగా రోడ్డు దాటుతున్నారు.

దాన్ని స్కూలు ముందు వేయించే పనిలో పడ్డారు మామ. నిన్న రాత్రి అన్నం దగ్గర, "బిడ్డా, రేపు నన్ను జర ఆ ఆఫీసుకాడ దింపుతవా? పెద్ద సారు వస్తడట" అని అడిగారు. ఒక పూట సెలవు పెట్టాను.