మా నాయిన దర్బారుకు కుట్టలేదు

మా తమ్ముడు బూట్లు చేస్తాడు. చేస్తాడంటే ఇప్పుడు చేతులతో కాదు. కాగితం మీద బొమ్మ గీస్తాడు, ముంబైలో వేరేవాళ్ళు కుడతారు. సినిమా హీరోయిన్లూ, పెద్ద సేట్ల ఇళ్ళ కోడళ్ళూ పెళ్ళిళ్ళకు అవి తొడుక్కుంటారు. వాటిలో ఒక రకం నడుస్తుంటే సన్నగా కిర్రుమంటుంది. వాడికి పేరు తెచ్చింది ఆ కిర్రే. మనిషి గుమ్మంలోకి రాకముందే వస్తున్నట్టు తెలియాలట. పత్రికలో అలా రాశారని నా కూతురు చదివి చెప్పింది. నేను నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని. తెలుగైతే కూడబలుక్కుని చదువుతాను, ఇంగ్లీషు రాదు. కానీ ఒకసారి చూసింది, విన్నది మరిచిపోను. నాతో వచ్చే తంటా అంతా అక్కడే.

పోయిన చలికాలంలో వాడి మీద సినిమా తీస్తామని వచ్చారు. కథ సినిమా కాదు, ఉన్న మనిషిని ఉన్నట్టు చూపించే సినిమా అన్నారు. ఉన్నది ఉన్నట్టు అన్నారు కాబట్టే నేను సరేనన్నాను.

మేడ్చల్‌లో బస్ డిపో వెనక రెండు గదుల ఇల్లు మాది. నాయిన పోయిన తర్వాత ఆయన పనిముట్లు నా దగ్గరే ఉండిపోయాయి. తోలు కోసే రంపె, తోలుకు రంధ్రం పొడిచే ఆరె, కొట్టి కొట్టి నడుమ గుంటపడిన బండరాయి. తమ్ముడు వాటినెప్పుడూ అడగలేదు, నేనెప్పుడూ ఇస్తాననలేదు. సినిమా తీసే అమ్మాయి వాటిని చూడగానే నేల మీద బోర్లా పడుకుని మరీ ఫొటోలు తీసుకుంది. మంచి పిల్ల. మా ఇంట్లో అన్నం అడిగి మరీ పెట్టించుకుని తినేది. ఆమెతో పాటు తమ్ముడి కంపెనీ మేనేజరు వచ్చాడు. అతను మా ఇంట్లో కుర్చీ తుడుచుకోకుండా కూర్చున్నది నేను చూడలేదు.

మొదటి రోజు నా చేతులు తీశారు. రెండో రోజు శామీర్‌పేట చెరువు కట్ట మీదికి తీసుకెళ్ళారు. పొద్దెక్కుతోంది. నీళ్ళు మెరుస్తున్నాయి. కట్ట మీద చెప్పుల్లేకుండా నడవమన్నారు.

"ఎందుకు బిడ్డా?" అన్నాను.

"బాగుంటుందమ్మా. పాత రోజులు గుర్తొచ్చినట్టుంటుంది," అంది ఆ పిల్ల.

"చెప్పులు కుట్టేటోని బిడ్డను నేను. ఉత్త కాళ్ళతోని నడిస్తే మా నాయిన పని రానోడనుకుంటరు. ముండ్లున్నయి ఈడ. నువ్వు ఇడువు నీ బూట్లు, నేను ఇడుస్త."

కెమెరా పట్టుకున్న అబ్బాయి పడీ పడీ నవ్వాడు. నేను చెప్పులతోనే నడిచాను.

మూడో రోజు తమ్ముడు కూడా వచ్చాడు. తెల్ల చొక్కా, మెడలో సన్నటి గుడ్డ, నాయినకున్నట్టే వెడల్పాటి పాదాలు. ఎంత ఖరీదైన బూటు తొడిగినా ఆ పాదం దాగదు. మేనేజరు ఒక ఎర్ర మఖమల్ గుడ్డ తెచ్చి నా ఒళ్ళో విప్పాడు. లోపల జరీ అల్లిన పాతకాలపు జోళ్ళు.

"ఇవి మీ తాతగారు దర్బారుకు కుట్టినవని చెప్పాలమ్మా. నవాబులకు కుట్టిన వంశం మీది. ఆ కిర్రు కూడా దర్బారు కిర్రే. చిన్న మాట, అంతే," అన్నాడు.

నేను జోడు తిరగేసి అడుగు చూశాను. ఎవరి చేతిలో చెప్పు పెట్టినా మా ఇంట్లో ముందు అడుగే చూస్తారు. మా కుట్టుకు ఒకే దారం, రెండు కొసలకు రెండు సూదులు. ఆరెతో పొడిచిన ఒకే రంధ్రంలోంచి అటుదొకటి ఇటుదొకటి దూరుతాయి. ఒక కుట్టు తెగినా పక్క కుట్టు పట్టుకునే ఉంటుంది. ఇదేమో మిషన్ కుట్టు. కొస పట్టుకుని లాగాను. జెర్రున నాలుగు వేళ్ళ పొడవున ఊడొచ్చింది.

"అయ్యో అమ్మా! అద్దెకు తెచ్చినవి అవి!" అని మేనేజరు లేచాడు.

"మా తాత కుట్టిండన్నవ్ గద సారూ. మా తాతదైతే ఊడుతదా?" అన్నాను.

తమ్ముడు నా రెక్క పట్టుకుని వంటింట్లోకి తీసుకుపోయాడు. వంటింట్లో పప్పు ఉడుకుతోంది. వాడు గొంతు తగ్గించి మాట్లాడాడు.

"అక్కా, గా ఒక్క మాట అనవే. ఏం పోతది?"

"నాయిన పోతడు."

"నాయిన పోయి ఇరవై ఏండ్లాయె."

"సచ్చిపోయిండు. పోలేదు. ఇప్పుడు నువ్వు పంపుతున్నవ్."

"నీకు తెల్వది. ఆ దునియా వేరే. బర్రె తోలు, మాదిగవాడ, లంద అని చెప్తె ఆ బూటు ఎవరు ముట్టుకుంటరే?"

లంద అంటే తోలు నానబెట్టే తొట్టి. సున్నం నీళ్ళు, తంగేడు చెక్క నీళ్ళు, దాని వాసన. మా అమ్మ ఆ లందలో మోకాళ్ళ దాకా దిగి తోలు తొక్కేది. బయటికొచ్చాక కుంకుడుకాయతో ఎంత రుద్దుకున్నా ఆమె ఒళ్ళో పడుకుంటే ఆ వాసనే. వాడూ ఆ ఒళ్ళోనే పడుకుని పెరిగాడు.

"ముట్టుకోకపోతె మాననీ. నీ కిర్రు యాడికెల్లి వచ్చిందిరా? దర్బార్లకెల్లి వచ్చిందా?"

వాడు తల తిప్పుకున్నాడు. ఎందుకు తిప్పుకున్నాడో నాకు తెలుసు. ఆ రోజు నాయిన వెంట నేనూ, నా చెయ్యి పట్టుకుని వాడూ ఉన్నాం కాబట్టి.

అప్పుడు మేము శామీర్‌పేటకు అవతల ఒక పల్లెలో ఉండేవాళ్ళం. నాయిన రైతులకు చెప్పులు కుట్టేవాడు. దుక్కిలో దిగే చెప్పులు, ముల్లు దిగని చెప్పులు. ఊళ్ళో దొరకు మాత్రం కిర్రు చెప్పులు కుట్టాలి. చెప్పు అడుగున రెండు తోలు అట్టల మధ్య నూనె పట్టించని ఎండు తోలు ముక్క పెడితే, అడుగు పడ్డప్పుడల్లా ఒరుసుకుని కిర్రుమంటుంది. ఆ చప్పుడు వినపడగానే అరుగుల మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడేవాళ్ళు. ఆ చప్పుడు చేసి ఇచ్చినవాడేమో దొర ఉండే గడి ముందు నుంచి పోయేటప్పుడు తన చెప్పులు విప్పి చంకలో పెట్టుకోవాలి. మాకదే ఆనవాయితీ.

చెప్పుల పనిలో ఒక కట్టుబాటు ఉంది. ఇతరులకు కుట్టిన జోడులో కుట్టినవాడు కాలు పెట్టకూడదు. పెడితే అది వాడిన చెప్పయిపోతుంది. మరి కిర్రు సరిగ్గా పడిందో లేదో ఎలా తెలుస్తుంది? దొర ప్రతిసారీ ఇంటికి తీసుకుపోయి తొడుక్కుని, చప్పుడు చాలలేదని తిప్పి పంపేవాడు. మూడుసార్లు అలా జరిగాక నాయినకు మండింది. తన కాలి కొలతకే అదే తోలుతో, అదే లెక్కతో ఇంకో జత కుట్టుకున్నాడు. ఎండ నడినెత్తికొచ్చిన వేళ మమ్మల్ని వెంటేసుకుని, అవి తొడుక్కుని, గడి ముందు నుంచి నడిచాడు. కిర్రు, కిర్రు. అరుగు మీద ఇద్దరు ముసలాళ్ళు లేచి నిలబడి, వచ్చేదెవరో చూసి, కూర్చోవాలో వద్దో తెలియక అలాగే ఉండిపోయారు.

గడి తలుపు తీసుకుని దొర బయటికొచ్చాడు. "ఏందిరా గది?" అన్నాడు.

నాయిన ఆగలేదు. నడుస్తూనే, "మీ జోడు కిర్రు సూస్తున్న దొరా. మీది నేను తొడుగరాదు గద, గందుకే నాది కుట్టుకున్న. నడుస్తెనే గద సప్పుడు తెల్సేది," అన్నాడు.

ఆ చివరిదాకా పోయాడు. మళ్ళీ వెనక్కొచ్చాడు. తప్పని ఎవరైనా ఎలా అంటారు? దొర పని మీదే ఉన్నాడాయె. సాయంత్రం మా అమ్మ తిట్టిన తిట్లు అన్నీ ఇన్నీ కావు. "కొడుతరయ్యా, ఊర్లకెల్లి ఎల్లగొడుతరు" అని ఏడ్చింది. అన్నట్టే ఏడాది తిరక్కుండా మేడ్చల్ వచ్చేశాం. కానీ నాయిన మళ్ళీ చెప్పులు చంకలో పెట్టుకోలేదు. గడి ముందు నుంచి ఇంటికొచ్చిన ఆ రోజే మా తమ్ముడు పొయ్యి దగ్గర నోటితో కిర్రు కిర్రు అంటూ అటూ ఇటూ నడిచాడు. ఆ నడకే వీడు ఇప్పుడు హీరోయిన్లకు తొడుగుతున్నాడు. దానికి నవాబును తండ్రిగా పెడతానంటే నేనెట్లా ఊరుకుంటాను?

వంటింట్లోంచి బయటికొచ్చి కెమెరా ముందు కూర్చున్నాను. ఆ పిల్ల "మొదలుపెట్టండమ్మా" అంది. మొదలుపెట్టాను.

"మా నాయిన దర్బారుకు కుట్టలే. నవాబును మా తాత కన్నుల సూడలే. మేం మాదిగోళ్ళం. సచ్చిన బర్రె తోలు ఒలిచి, లందల నానవెట్టి, రైతులకు చెప్పులు కుట్టినం. నా తమ్ముని బూట్ల కిర్రు మా నాయిన దొర గడి ముంగట నడిసిన కిర్రు." ఆ తర్వాత ఇందాకటి కథంతా చెప్పాను. మేనేజరు చెయ్యి ఊపుతూ ఆపమంటున్నాడు. ఆ పిల్ల ఆపలేదు. తమ్ముడు గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు. వాడి చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

అయిపోయాక మేనేజరు ఒక కాగితం తెచ్చాడు. నా బొమ్మ, నా ఇల్లు, నాయిన పనిముట్లు సినిమాలో వాడుకోవడానికి నా సంతకం కావాలి. నా కూతుర్ని పిలిచి మొత్తం చదివించాను. ఏ మాట ఉంచాలో, ఏ మాట తీసెయ్యాలో, దాని మీద ఇంకేం చెప్పించుకోవాలో అంతా వాళ్ళ ఇష్టమని ఉందట.

"అంటే నేను చెప్పింది తీసేసి, నా చేతులు సూపెట్టి, పక్కకెల్లి దర్బారు అనిపిస్తరా?" అన్నాను.

అతను "అలా ఏం లేదమ్మా" అన్నాడు గానీ అలా చెయ్యబోమని రాసివ్వనన్నాడు.

"అయితే నా చేతులు నా దగ్గర్నే ఉండనీ. పనిముట్లు గూడ. సంతకం పెట్ట."

"అక్కా!" అన్నాడు తమ్ముడు. "నా బతుకు సినిమా ఇది. మూడు రోజుల పని పాడు జేస్తున్నవ్."

"నీ బతుకు నీ ఇష్టం తమ్మీ. నాయిన బతుకు నీదొక్కనిదే గాదు. గది సగం నాది."

అన్నం తినకుండానే కారెక్కాడు. పప్పు మిగిలిపోయింది. ఆ సినిమా పిల్ల మాత్రం వెళ్ళేముందు నా కాళ్ళకు దండం పెట్టబోయింది, వద్దన్నాను.

సినిమా ఈ ఎండాకాలంలో వచ్చింది. కూతురు ఫోన్‌లో పెట్టి చూపించింది. ముంబై ఉంది, విదేశాలున్నాయి, మెట్లు దిగే హీరోయిన్ల కాళ్ళున్నాయి. మేడ్చల్ లేదు. అమ్మ లేదు, నాయిన లేడు, నేను లేను. మా తమ్ముడు ఆకాశం నుంచి ఊడిపడ్డట్టు నేరుగా కాలేజీలో మొదలయ్యాడు.

పక్కింటామె గోడ మీంచి తొంగి చూసి, "ఏమే, మూడ్రోజులు తీసిరి, నీ మొకం ఒక్కపారి గూడ రాలేదేందే? సంతకం పెడ్తె ఏం బోయేది?" అని దెప్పింది.

"నేను రాలే. దర్బారు గూడ రాలే. సూసినవా?" అన్నాను. దర్బారు అనే మాట ఎక్కడైనా ఉందేమోనని నా కూతురితో రెండుసార్లు తిప్పి తిప్పి చూపించుకున్నాను మరి. లేదు. వాడు ఆ మాట అనలేదు. నేను లేకుండా కూడా అనొచ్చు కదా, అనలేదు.

మొన్న ఆదివారం పొద్దున్నే వాడి ఫోన్ వచ్చింది. బాగున్నవా, బీపీ గోలి వేసుకున్నవా అన్నాడు. వెనక ఏవో బండ్ల హారన్లు వినపడుతున్నాయి.

"అక్కా, ఆ పిల్ల మళ్ళొక సినిమా తీస్తదంట. మనూరి కథ ఒక్కటే. మేనేజరు ఉండడు. నువ్వు చెప్పింది చెప్పినట్టు ఉంచుతమని కాగితం మీద రాసిస్తమంటున్నది."

"నువ్వేమన్నవ్?"

"నిన్ను అడుగుతనన్న."

"నన్ను అడిగేదేమున్నది? నాది ఎప్పుడో చెప్పిన. ఇప్పుడు చెప్పాల్సింది నువ్వు. కెమెరా ముంగట కూసోని, ఎవరి కొడుకువో నీ నోటితోని చెప్పు. నువ్వు చెప్పినంక నేను సంతకం పెడ్త."

"వచ్చే ఆదివారం వస్త," అన్నాడు.

"రా. కెమెరా పట్టుకొనే రా," అని ఫోన్ పెట్టేశాను.