సవ్యం చేసిన బొమ్మ

మొన్న ఆదివారం విండ్సర్‌లో మా ఇంటి హాల్లో, గోడమీదున్న ముత్తాతగారి బొమ్మ ముందు నన్ను నిలబెట్టి మా మనవరాలు ఫోన్‌లో సెల్ఫీ తీసింది. చూస్తే, ఎడమచేతికి ఉన్న నా గడియారం ఫోటోలో కుడిచేతికి వచ్చింది. ఇదేమిటే తిరగబడింది అన్నాను. "ఇట్స్ జస్ట్ మిర్రర్డ్, తాతా. అద్దంలో లాగే," అని నవ్వేసి, కారు తాళాలు తీసుకుని అది తన పనిమీద వెళ్లిపోయింది. నేను మాత్రం ఆ బొమ్మకేసి చూస్తూ సోఫాలో కూలబడ్డాను. ఎనభై దాటాక బుర్రకెక్కే సంగతులు మనిషిని అలా కూలబెట్టడానికే పనికొస్తాయి.

మా తాతగారి తండ్రి దొరల కాలంలో చిత్రకారుడు. మద్రాసు వెళ్లి తైలవర్ణాలు నేర్చుకొచ్చి, గోదావరి జిల్లాలో జమీందార్లకి నిలువెత్తు బొమ్మలు వేసేవారట. ఒక జమీందారుగారు తన బట్టతలమీద నాలుగు వెంట్రుకలు వెయ్యమని ముచ్చటపడితే, లేనివి నా కంటికి ఆనవండీ అన్నారట. ఆ కబురు పాకి ఒక్కొక్క కోటా తలుపు మూసుకుంది, ఆయన చివరికి బడిలో డ్రాయింగు మాస్టారై బతికినన్నాళ్లూ పిల్లలచేత ఇత్తడి చెంబు గీయించారు. కనబడిందే గియ్యి, తెలిసింది గియ్యకు అన్నదొక్కటే ఆయన పాఠం. ఆ మాట మా తాతగారి నోట విని పెరిగి, నేనూ కొన్నాళ్లు డ్రాయింగు మాస్టారుగా పనిచేసి, అదే మాట పిల్లలకి గొప్పగా చెప్పాను.

ఆయన వేసినవన్నీ చెదలకీ వానలకీ పోయి, మా ఇంట్లో మిగిలింది ఆయన రూపమున్న ఈ బొమ్మ ఒక్కటే. పంచె కట్టుకుని, చొక్కా లేకుండా, మనవైపే సూటిగా చూస్తుంటారు. జంధ్యం మాత్రం కుడిభుజం మీద ఉండేది. తద్దినంనాడు పురోహితుడు అపసవ్యం అంటే కుడిభుజానికీ, సవ్యం అంటే మళ్లీ ఎడమభుజానికీ జంధ్యం మార్చుకోవడం తెలిసిన ఇల్లు మాది. పితృకార్యంలో కూర్చున్నట్టు ఆయన్ని అలా ఎందుకు వేశారో ఎవరికీ అంతుపట్టలేదు. ఆయనైతే ఇంత తప్పు వెయ్యరు, ఎవడో బుద్ధిలేని శిష్యుడు వేసుంటాడని తాతగారు తేల్చేసి, బొమ్మని అటకెక్కించారు.

నా పెళ్లి కుదిరినప్పుడు పెద్దాయన దీవెన ఉండాలని కిందికి దించారు గానీ, అపసవ్యంగా ఉన్న మనిషి ఎదుట తాళి కట్టడమేమిటని మా మేనత్త ససేమిరా అంది. "నువ్వూ డ్రాయింగు మాస్టరువేగా, కాస్త సవ్యం చేసి పెట్టరా," అన్నారు తాతగారు. ఒక్క పూటలో చేసేశాను. కుడిభుజం మీది పోగుని బ్లేడుతో గీకి, ఒంటిరంగు పులిమి, ఎడమభుజం మీంచి కొత్తది దించాను. వచ్చినవాళ్లంతా నా చెయ్యి మంచిదన్నారు, నేనూ పొంగిపోయాను. ఆ బొమ్మ కిందే నా పెళ్లయింది, ఈ దేశం వచ్చేటప్పుడు తాతగారు దాన్ని నాకే ఇచ్చేశారు.

మొన్న ఆ సెల్ఫీ చూశాకే తెలిసింది, శిష్యుడూ లేడు, ఎవడూ లేడు. అద్దం ముందు కూర్చుని తన బొమ్మ తనే వేసుకున్నారు. ఒంటిమీద సవ్యంగానే ఉన్న జంధ్యం అద్దంలో అటువైపు కనబడింది, అటే వేశారు. మార్చి వెయ్యడం చేతగాక కాదు. ఇక్కడ కార్ల ఫ్యాక్టరీలో డ్రాఫ్టింగు చేసిన ఇన్నేళ్లూ రోజూ అద్దం ముందు గడ్డం గీసుకున్నాను, నా జంధ్యం ఏ భుజాన కనబడుతోందో ఒక్కనాడైనా చూసిన పాపాన పోలేదు. ఆయన చేతిపని లోకంలో ఇదొక్కటే మిగిలితే, ఇది ఆయనదే అని చెప్పే ఆ ఒక్క గుర్తునీ నేనే గీకేశాను.

సాయంత్రం మనవరాలు వచ్చాక అంతా చెప్పాను. టార్చి వేసి దగ్గరగా చూసింది. బ్లేడు గుడ్డదాకా దిగింది, రంగు కింద ఏమీ మిగల్లేదు. ఫోటో తీసి కంప్యూటర్‌లో పాతది పాతచోటే పెట్టేస్తాను, ఐ కెన్ ఫిక్స్ ఇట్ అంది పాపం. వద్దమ్మా అన్నాను. ఒకసారి సవ్యం చేసింది చాలు.

అప్పట్లో మనం ప్రాణంలా పట్టుకున్న పట్టింపులు ఎప్పుడు జారిపోయాయో మనకే తెలియలేదు. నా గుండె ఆపరేషనునాడు నర్సు జంధ్యం పట్టుకుని, దీన్ని కత్తిరించవచ్చా అని ఎంతో మర్యాదగా అడిగింది. కానివ్వమన్నాను. ఇంటికొచ్చాక కొత్తది వేసుకుందామనుకున్నాను, ఇవాళా రేపూ అనుకుంటుండగానే ఏళ్లు గడిచాయి, ఏదని అడిగినవాళ్లూ లేరు. ఏ పోగు ఏ భుజాన ఉండాలని ఆయన పని పాడుచేశానో, ఆ పోగు లేకుండానే రోజూ ఆయన ఎదుట కూర్చుని కాఫీ తాగుతున్నాను.