మాడు వాసన

మాది జగ్గయ్యపేట. రెండేళ్ల కిందట మా ఆయన పొద్దస్తమానం "ఏదో మాడుతోంది, చూడవే" అనేవారు. పొయ్యి వెలిగించకపోయినా అదే మాట! ఇరవయ్యేళ్లు వండిపెట్టాక నా వంటకి వంకలా అని ఒళ్లు మండి, వారం రోజులు మాట్లాడటం మానేసా.

ఓ రోజు అలా అంటూనే ఆయన ఫిట్స్ వచ్చి పడిపోయారు. నందిగామలో డాక్టరు గారు స్కాన్ చూసి, "మెదడులో గడ్డమ్మా. ఆ వాసన దానివల్లే. ఇది అరుదైన రకం, ఇక్కడ ఆపరేషన్ చేసేవాళ్లు లేరు, హైదరాబాద్ తీసుకెళ్లండి" అన్నారు. అంబులెన్సులో దారంతా ఆయన చెయ్యి వదల్లేదు.

ఆపరేషనయ్యి ఇంటికొచ్చిన నెలకి, మంచం మీంచి ఆయన భయంభయంగా పిలిచారు. "ఏదో మాడుతోందే..."

గడ్డ మళ్లీ వచ్చిందనుకున్నా. వంటింట్లోంచి పరిగెత్తుకెళ్లి, ఆయన తల పొదువుకుని ఏడ్చేసా. అంతలో నా ముక్కుకీ తగిలింది. పొయ్యి మీద వదిలేసొచ్చిన దోసకాయ పప్పు!

"నిజంగానే మాడిందా?" అన్నారు చిన్నపిల్లాడిలా.

"నిజంగానే మాడిందండీ" అన్నా, కళ్లు తుడుచుకుంటూ.

ఆ పూట ఇద్దరం ఆ పప్పే తిన్నాం. ఆ వారం రోజుల అలక తలుచుకుంటే నాకిప్పటికీ సిగ్గేస్తుంది. ఇప్పుడు ఆయన ఆ మాటంటే చాలు, పొయ్యి దగ్గరికి పరిగెడతా. అక్కడ ఏదైనా మాడి కనబడితే దేవుడికి దణ్ణం పెట్టుకుంటా.