నిజం పెట్టె

చదువు నేనే మానేశానని చెప్పుకుంటూ ఉంటాను గాని, ఆ రోజుల్లో మా హెడ్మాస్టరుగారిని అడిగి ఉంటే సంగతి ఇంకోలా చెప్పేవారు. తొమ్మిదో తరగతిలో వరసగా మూడేళ్ళు ఒకే బెంచీ మీద కూర్చున్నాను. నాతో చేరినవాళ్ళు పై తరగతులకి వెళ్ళిపోయారు, పాఠాలు చెప్పిన మాస్టారు బదిలీ మీద వెళ్ళిపోయారు, ఆఖరికి ఆ బెంచీ కూడా కాలు విరిగి వెళ్ళిపోయింది. నేను మాత్రం ఉన్నాను. అన్నాళ్ళు కూర్చున్నందుకు ఒక్క విద్య మాత్రం గట్టిగా పట్టుబడింది. ప్రశ్న అడిగితే తెలియదని అనకూడదు, తోచింది గట్టిగా చెప్పెయ్యాలి. మెల్లగా చెప్పిన తప్పుకి రెండు దెబ్బలు పడేవి, గట్టిగా చెప్పిన తప్పుకి ఒకటే. (ఎందుకంటే ఒక్క క్షణం మాస్టారికే అనుమానం వచ్చేది.) ఈ విద్యతోనే పంతొమ్మిదివందల డెబ్బై దాటిన కొత్తలో, ఇరవయ్యేళ్ళ వయసులో, చోడవరం బస్టాండు దగ్గర మా మావయ్య పాత సామాన్ల కొట్లో కుదురుకున్నాను.

మా మావయ్య తక్కువ మాటల మనిషి, ఆయనది ఎక్కువ సామాన్ల కొట్టు. వాల్తేరులో తెల్లదొరలు విడిచిపోయిన బంగళాల సామాను చేతులు మారి మారి వేలానికి వచ్చేది. ఆయన వెళ్ళి తోచినవి పాడుకుని, గోనెసంచుల్లో కట్టి, బస్సు టాపు మీద వేసుకుని తెచ్చేవాడు. ఆ సంచులు విప్పడంలో ఉన్న ఆనందం నాకు ఆ తరవాత ఎందులోనూ దొరకలేదు. కుర్చీలు, లాంతర్లు, పింగాణీ పళ్ళేలు సరే, వాటి అడుగున ఎప్పుడూ ఒకటో రెండో వింత వస్తువులు ఉండేవి. ఎందుకు చేశారో తెలియదు, ఏ పక్క పట్టుకోవాలో తెలియదు. అలాంటివాటికి మావయ్య దగ్గర ఒక పద్ధతి ఉండేది. గుమ్మం ముందు ముక్కాలి పీట వేసి, దాని మీద ఆ వస్తువుని పెట్టేవాడు. వచ్చేపోయేవాళ్ళలో ఎవరైనా అదేమిటో చెప్పి, వాడి చూపిస్తే, ఎదురుగా టీకొట్టు బాబాయి దగ్గర ఒక టీ ఇప్పించేవాడు. పేరు తెలిశాకే వస్తువు కొట్టు లోపలికి వెళ్ళేది.

ఒకసారి ఒక పింగాణీ కప్పు వచ్చింది. లోపల, అంచు దగ్గర, చిన్న అరుగు కట్టినట్టు ఒక అడ్డు, దానికో కన్నం. మందు కొలుచుకునే కప్పని లెక్కల మాస్టారు అన్నారు. పాలు పిల్లి తాగకుండా అడ్డం పెట్టారని రావికమతం రైతు ఒకాయన అన్నాడు. నాలుగో రోజు మా మంగలి తాత వచ్చి, కప్పుని ఒక్కసారి తిప్పి చూసి, తన గుబురు మీసాన్ని ఆ అరుగు మీద ఆనించి, "మీసం తడవకుండా టీ తాగడానికి బాబూ, ఇంకేటి?" అన్నాడు. బహుమతి టీ ఆ కప్పులోనే తాగాడు. ఒక్క చుక్క మీసానికి అంటలేదు. ఊళ్ళో ఎవరికీ తెలియనిది ఎవరో ఒకరికి తెలిసే ఉంటుందని ఆ పీట దగ్గర నేర్చుకోవలసింది. నేర్చుకున్నానా? లేదు. నేను నేర్చుకున్నదల్లా మంగలి తాత కన్నా ముందు నేనే చెప్పేస్తే బాగుండేదని.

చెరుకు బళ్ళు ఫ్యాక్టరీ దారి పట్టే కాలంలో, ఒక సంచి అడుగున ఆ పెట్టె దొరికింది. చిన్న గుడి గోపురంలా కింద వెడల్పు, పైన సన్నం, నున్నటి ఎర్ర కర్ర. ముందు తలుపు తీస్తే లోపల నిలువుగా ఒక ఉక్కు పుల్ల, దాని మీద పైకీ కిందకీ జరిగే ఇత్తడి బిళ్ళ, వెనక వరసగా అంకెలు. పక్కన తాళంచెవి లాంటిది తిప్పితే పుల్ల అటూ ఇటూ ఊగుతూ టక్, టక్ మనేది. గడియారమందామంటే ముళ్ళు లేవు. తూకమందామంటే తక్కెడ లేదు. మూడు రోజులు పీట మీద ఉంది. లెక్కల మాస్టారు అంకెలన్నీ కాయితం మీద రాసుకుని వెళ్ళి మళ్ళీ ఆ దారిన రాలేదు. మావయ్య మళ్ళీ వేలానికి వాల్తేరు వెళ్ళాడు. నాలుగో రోజు దేవరాపల్లి నించి వచ్చిన ఒక చెరుకుబండి ఆసామీ దాని ముందు గొంతుక్కూర్చుని, "ఏటి బాబూ ఇది?" అని నన్నడిగాడు. తెలీదంటే సరిపోయేది.

"నిజం పెట్టె," అనేశాను.

"అంటే?"

"దొరల కాలంలో కోర్టులో ఉండీది. దీని మీద సెయ్యేసి ఎవుడైనా అబద్ధమాడేడనుకో, పుల్ల పరిగెడతాది. నిజం సెప్పేడా, నిమ్మళంగా ఊగుతాది."

ఆయన నోరు తెరిచాడు. ఆ తెరిచిన నోటిని చూశాక నేను ఆగలేకపోయాను. టీకొట్టు బాబాయిని కేకేసి, "బాబాయ్, సెయ్యెట్టు. పాలల్లో నీళ్ళు కలపవు కదా?" అన్నాను. "ఛ, కలపను," అన్నాడు. నేను పుల్లని కదిలిస్తున్నట్టే నటిస్తూ బొటనవేలితో ఇత్తడి బిళ్ళని కిందకి తోసేశాను. (బిళ్ళ పైన ఉంటే నెమ్మది, కింద ఉంటే వేగం. మూడు రోజుల్లో నేను పట్టిన కిటుకు అదొక్కటే.) పెట్టె టకటకటకటక మంటూ వెర్రెత్తిపోయింది. జనం గొల్లుమన్నారు. బాబాయి మొహం పాలిపోయి, నా చెవి దగ్గరకొచ్చి, "ఒక్క సెంబేరా, అదీ ఎండాకాలంలోనే," అన్నాడు. నా గొప్పతనానికి అప్పటికి నేనే ముగ్ధుణ్ణయిపోయాను.

వారం తిరిగేసరికి చుట్టుపక్కల ఊళ్ళల్లో పెట్టె పేరు మోగిపోయింది. సరదాకి వచ్చేవాళ్ళు, పందెం కాసేవాళ్ళు, మొగుడి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేవాళ్ళు. అంతా నవ్వులాటే. నవ్వులాట కానిది ఒక సంతరోజు మధ్యాహ్నం బుచ్చయ్యపేట వైపు నించి వచ్చింది. ముందు ఒక పెద్దావిడ, వెనక తలొంచుకుని ఆవిడ కొడుకు, అతని వెనక కోడలు. కోడలికి నా చెల్లెలి ఈడు ఉంటుంది. పెద్దావిడ చంకలో ఒక బట్టలమూట.

"నిజం పెట్టె మీదేనా బాబూ?" అంది పెద్దావిడ. "మా అమ్మ నాకెట్టిన గొలుసు పోయింది. ఇంట్లో ఉన్నది ముగ్గురం. నాను తియ్యను, నా కొడుకు తియ్యడు. ఈ గుంట సేత సెయ్యెట్టించు. పుల్ల పరిగెట్టిందా, ఇటునించి ఇటే పుట్టింటి బస్సెక్కించెస్తాను. మూట కూడా కట్టుకొచ్చీసేను."

అప్పటిదాకా నా అబద్ధానికి ఎవరి ఖర్చూ లేదనుకున్నాను. ఇప్పుడు ఒక పిల్ల కాపరం వచ్చి నా ముక్కాలి పీట మీద కూర్చుంది. జనం మూగారు. అయినా నా తెలివి నన్ను వదలలేదు. బిళ్ళని గుట్టుగా పైకి జరిపేస్తే సరి, పెట్టె నిమ్మళంగా ఊగుతుంది, పిల్ల బయటపడుతుంది, పెట్టె పరువూ నిలుస్తుంది. జరిపేశాను కూడా. "సెయ్యెట్టమ్మా, భయం లేదు," అన్నాను, దేవుడు వరమిస్తున్నట్టు.

"ఎట్టను," అందా పిల్ల.

అత్తగారి వైపు తిరిగింది. కళ్ళల్లో నీళ్ళున్నాయి గాని గొంతులో లేవు. "నాలుగేళ్ళయి ఒక్క కుండలో కూడు తింటన్నాం. నా మాట నమ్మనోలు ఈ పుల్ల మాట నమ్ముతారేటి? పుల్ల నన్ను మంచిదాన్నంటే, రేపు ఆ ఇంట్లో మర్యాద పుల్లకి గాని నాకేటి?"

ఈ జవాబు నా లెక్కలో లేదు. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. "భయపడతంది సూడు." "తియ్యనిదయితే ఎట్టడానికేటి?" పెద్దావిడ పెదవులు బిగించి, మూట కోడలి చేతిలో పెట్టి, బస్టాండు వైపు చెయ్యి చూపించింది. అక్కడ రావికమతం బస్సు హారను కొడుతోంది. ఆ పిల్ల మూట పట్టుకుని నిజంగానే రెండడుగులు వేసింది.

"అమ్మా, ఆగు," అన్నాను. "ఇది నిజం పెట్టె కాదు."

"మరేటి?"

నా జన్మలో మొదటిసారి ఆ మాట నోట్లోంచి వచ్చింది. "నాకు తెల్దు."

అంతటితో అయిపోతుందనుకున్నాను. ఎవరూ నమ్మలేదు! వారం రోజులు అబద్ధాలు చెబితే నమ్మినవాళ్ళు ఒక్క నిజం చెప్పేసరికి నన్ను అనుమానంగా చూశారు. "గుంట తరపోలు ఈడికేదో ముట్టసెప్పేరు," అన్నాడొకడు. ఇక చేసేదిలేక పెట్టె మీద నా చెయ్యే పెట్టుకున్నాను. "ఇదిగో సూడండి. నాను బీఏ ప్యాసయ్యేను," అన్నాను. టక్... టక్... పెట్టె నిమ్మళంగా ఊగింది. "ఈ తాలూకాకి తాసీల్దారుని నానే." టక్... టక్... పెట్టెకి ఏ అభ్యంతరమూ లేదు. "మా మావయ్యకి నానెప్పుడూ ఎదురు సెప్పలేదు." అప్పుడే బస్సు దిగి, భుజాన గోనెసంచితో జనం వెనక నిలబడ్డ మావయ్య గట్టిగా దగ్గాడు. పెట్టె మాత్రం ఆ మాటా నమ్మేసింది. తరవాత అందరికీ కనబడేట్టు బిళ్ళని కిందకి తోసి, "ఈ ఊరు సోడారం," అన్నాను. టకటకటకటక! ఊరు ఊరే అబద్ధమైపోయింది.

ముందు పిల్లలు నవ్వారు, తరవాత అందరూ నవ్వారు. టీకొట్టు బాబాయి ఒక్కడే నవ్వలేదు. "ఒరే, మరి నా పాల సంగతి? నాను ఒప్పీసుకున్నానే!" అని నెత్తి పట్టుకున్నాడు. పెద్దావిడ చాలాసేపు పెట్టెనీ నన్నూ మార్చి మార్చి చూసి, "అయితే నా గొలుసు ఎవులు తీసేరు?" అంది. "అదీ నాకు తెల్దమ్మా," అన్నాను. రెండోసారి కొంచెం సులువుగానే వచ్చింది. ఆవిడ కొడుకు ముందుకొచ్చి భార్య చేతిలో మూట అందుకుని బుచ్చయ్యపేట దారి పట్టాడు. (అతను ఆ రోజు చేసిన పని అదొక్కటే. ఆ పనైనా చేసినందుకు నేనతన్ని క్షమించేశాను.) అత్తాకోడళ్ళు వెనక నడిచారు, మధ్యలో రెండు గజాల ఎడంతో.

జనం పలచబడ్డాక ఒక ముసలి సాయిబుగారు ముందుకొచ్చారు. అనకాపల్లిలో పెళ్ళి బ్యాండు మాస్టారు. మావయ్య దగ్గర పాత క్లారినెట్టు ఉందని తెలిసి వచ్చారట. పెట్టె ముందు కూర్చుని, బిళ్ళని ఎంతో మర్యాదగా ఒక అంకె దగ్గర నిలిపి, పుల్లని వదిలి, ఆ టక్ టక్‌కి సరిగ్గా తొడ మీద వేళ్ళు వేస్తూ గొంతులోనే ఒక పెళ్ళి పాట తీశారు. పాట ఎంతదూరం పోయినా తాళం తప్పలేదు. "సంగీతం నేర్సుకునే పిల్లలకి తాళం తప్పకుండా ఉండడానికి బాబూ. మెట్రోనోమంటారు. మా ఉస్తాదు దగ్గిరుండీది. నలభయ్యేళ్ళయింది సూసి," అన్నారు. కళ్ళు తుడుచుకున్నారు. క్లారినెట్టు సంగతి మరిచిపోయి పెట్టె కొనుక్కున్నారు. ఆయన బహుమతి టీ తాగుతున్నంతసేపూ బాబాయి గ్లాసు పట్టుకుని, "సూడండి, సిక్కని పాలు," అని చెబుతూనే ఉన్నాడు.

ఇక నా పని అయిపోయిందనుకున్నాను. మావయ్య కొత్త సంచి విప్పి, ఏమిటో తెలియని ఒక ఇనుప పటకారు లాంటిది తీసి నా చేతికిచ్చి, "పీట మీద ఎట్టు. ఎవులైనా అడిగితే ఏటి సెప్తావు?" అన్నాడు. "తెల్దని సెప్తాను." "ఇన్నేళ్ళ నించీ నాను ఆ మాటే సెప్తన్నాను. ఒక్క బేరం పోలేదురా," అన్నాడు. అంతే, తిట్టలేదు, కొట్టలేదు, పొమ్మనలేదు. ఇంత వయసొచ్చాక ఆ పీట పక్కన ఛాతీ విరుచుకుని నిలబడ్డ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది. వాణ్ణి నలుగురు చక్కగా భరించారు. బడిలో మూడేళ్ళు రాని చదువు ఒక మావయ్యా, ఒక సాయిబుగారూ, చెయ్యి పెట్టనన్న ఒక పిల్లా కలిసి ఒక్క మధ్యాహ్నంలో చెప్పేశారు. జీతం కూడా పుచ్చుకోలేదు.

అయితే ఆ కుర్రాడి గర్వం ఆ రోజుతో అణిగిందనుకునేరు. పది రోజుల తరవాత అత్తాకోడళ్ళు మళ్ళీ వచ్చారు, ఈసారి పక్కపక్కనే. గొలుసు కందిపప్పు కుండలో దొరికిందట. దొంగల భయం పుట్టి పెద్దావిడే దాచి మరిచిపోయిందట. ఆవిడ నా ముందు ఒక బెల్లం అచ్చు పెట్టి, "నీ నోరు పడిపోనూ, తిను," అని దీవించి, కొట్లో ఇత్తడి బిందెలు చూడ్డానికి లోపలికి వెళ్ళింది. నేను బెల్లం ముక్క నోట్లో వేసుకుని, కోడలితో గొప్పగా అన్నాను: "సూసేవా సెల్లీ, అంతమందిలో ఎంత ధైర్నంగా నిజం సెప్పేనో!"

ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసి, "ఏటి ధైర్నం అన్నయ్యా? ఒక్క నిజం నమ్మించడానికి మూడు అబద్ధాలు ఆడేవు," అంది.