ఇంజిన్ రూమ్‌లోకి దిగని కవులు

మంగళవారం మధ్యాహ్నం తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. అవతల ఒక ఆడగొంతు, అమెరికా యాస కలిసిన తెలుగు.

"మీరు ఎవరో నాకు తెలీదు. డాడీ ఫ్రిజ్ మీద మీ నంబర్ ఉంది. పేరు లేదు, థర్స్‌డే అని రాశారు. అందుకే కాల్ చేశాను. డాడీ పోయారు. సండే. కుర్చీలోనే."

ఆమె కాలిఫోర్నియా నుంచి వచ్చి, ఇక్కడ టెక్సస్‌లో, మా ఊరు ఇర్వింగ్‌లో తండ్రి ఒక్కరే ఉంటున్న అపార్ట్‌మెంట్ సర్దుతోంది. నేనెవరో చెప్పాను. "ఓ, పోయెమ్స్ చదివేది మీరేనా" అంది. నా గురించి ఆయన కూతురితో ఒక మాటైనా అన్నారని అప్పుడే తెలిసింది.

ఆయన ఓడల్లో చీఫ్ ఇంజినీరుగా చేసిన మనిషి. మొదటిరోజు నేను అంకుల్ అంటే, "అంకుల్ అంటే పలకనమ్మాయ్. ఇరవై రెండేళ్ళు నన్నందరూ చీఫ్ అనే పిలిచారు" అన్నారు. అప్పటి నుంచి నాకూ చీఫ్ గారే.

మాంద్యం వచ్చిన ఏడాది మా ఆయన ప్రాజెక్టు ఇక్కడ పోయి, వేరే రాష్ట్రంలో దొరికింది. సోమవారం తెల్లారి ఫ్లైట్ ఎక్కితే మళ్ళీ శుక్రవారమే. నాకు పని చేసే వీసా లేదు. మధ్యలో నాలుగు రోజులు నా గొంతు నేను వినేది ఫోన్‌లోనే. బందరులో ఇంగ్లీషు లెక్చరర్‌గా ఉన్నదాన్ని, లైబ్రరీకి వెళ్ళి వాలంటీరుగా చేస్తానని అడిగాను. ఏదైనా రీడింగ్ గ్రూప్ పెట్టుకోమని గురువారం మధ్యాహ్నాలు ఒక చిన్న గది ఇచ్చారు. సముద్రం మీద రాసిన పాత ఇంగ్లీషు కవితలు అని బోర్డు మీద కాగితం అంటించాను. కారులో అయిదు గంటలు పోతే గాని సముద్రం కనిపించని ఊళ్ళో అదేం ఎంపిక అంటే, నాకు అవే కంఠతా వచ్చు.

మొదటివారం ఏడుగురు వచ్చారు. మూడోవారానికి ముగ్గురు. అయిదోవారం చీఫ్ గారొక్కరే.

ఆయన పది నిమిషాలు ముందే వచ్చేవారు. కూర్చునే ముందు గోడకున్న ఏసీ మీద అరచెయ్యి ఆనించి చూసి, "బేరింగ్ పోతోంది" అనేవారు. ఫ్లాస్కులో టీ తెచ్చుకునేవారు. నేనిచ్చిన జిరాక్సు కాగితాల అంచున పెన్సిలుతో చిన్న చిన్న ప్రశ్నార్థకాలు పెట్టేవారు. కవితల్లో ఆయనకు నచ్చినవి తక్కువ. ఈ గాలికి ఆ తెరచాప నిలబడదు. ఆ కాలంలో ఆ తీరంలో ఆ పక్షి ఉండదు అనేవారు. "మీ కవిగారి తుఫాను ఒక పేజీలో అయిపోయింది. మాకు నాలుగు రోజులు పట్టేది, కింద నిలబడి కక్కుకుంటూ పనిచేసేవాళ్ళం" అన్నారోసారి.

"మరి ఎందుకు వస్తున్నారు చీఫ్ గారూ?" అని నవ్వుతూనే అడిగాను.

"తప్పులు పట్టుకోడానికి. అందరూ డెక్ మీద నిలబడి రాసినవాళ్ళే. ఇంజిన్ రూమ్‌లోకి ఒక్కడూ దిగలేదు. నేను సముద్రాన్ని చూసింది తక్కువమ్మాయ్, విన్నది ఎక్కువ."

ఇద్దరి కోసం గది పట్టుకుని కూర్చోవడం బాగుండదనిపించింది. తిరిగి ఇచ్చేద్దామన్నాను. ఆయన ఫ్లాస్కు మూత బిగిస్తూ, "ఇద్దరున్నాం కదా. వాచ్‌కి ఇద్దరు చాలు" అన్నారు. ఓడలో వంతులవారీగా మేలుకొని కాపలా ఉండడాన్ని వాచ్ అంటారని తర్వాత చెప్పారు. ఆ మాటతో నేను గది వదలలేదు. ఇంకా నిజం చెప్పాలంటే, వదిలితే గురువారం కూడా బుధవారంలాగే ఉంటుందని భయపడ్డాను.

ఆ చలికాలంలో ఒకరోజు, మునిగిపోయిన నావికుడి మీద రాసిన ఒక కవిత చదివాను. సముద్రం అతనికి మెత్తగా పక్క వేసి, దుప్పటి కప్పి, ఇక ఏ బాధా లేదని జోకొడుతుంది. చాలా పాతది, అందరూ మెచ్చేది. చదవడం అయ్యాక ఆయన కాగితం మీద పెన్సిలు పెట్టలేదు. తర్వాత, నేను అడగకుండానే చెప్పారు.

వాళ్ళ ఓడలో ఒక వంటవాడుండేవాడట, గోవా మనిషి. చీఫ్ గారి కోసం చారు పెట్టడం నేర్చుకున్నాడు. ఒక ఉదయం కూరగాయల తొక్కలు పారబోయడానికి వెనక డెక్ మీదికి వెళ్ళి, మళ్ళీ రాలేదు. ఓడ వెనక్కి తిప్పి ఆరు గంటలు వెతికారు. ఇక చాలన్నాడు కెప్టెన్. వంటవాడి భార్యకు ఉత్తరం రాయమని, స్నేహితుడు కాబట్టి, చీఫ్ గారికి అప్పజెప్పాడు.

"నాకు మాటలు రాలేదు. ఓడ లైబ్రరీలో ఒకే ఒక్క పోయెమ్స్ పుస్తకం ఉంది. అందులోంచి ఇదే, ఈ ఎనిమిది లైన్లు ఉత్తరంలో ఎక్కించాను. బాధ లేకుండా పోయాడని రాశాను." కాగితాన్ని బల్ల మీద బోర్లించారు. "ఆ నీళ్ళెంత చల్లగా ఉన్నాయో నాకు తెలుసమ్మాయ్. ఇంజిన్ చల్లబరచడానికి లోపలికి వచ్చే సముద్రపు నీటి టెంపరేచర్ గంటగంటకీ లాగ్‌బుక్‌లో రాయించేది నేనే. అన్నీ తెలిసి అబద్ధం రాశాను. ఆవిడ దాన్ని నమ్ముకుని బతికిందేమో."

తప్పులు పట్టుకోవడానికి ఆయన నా దగ్గరికి ఎందుకు వచ్చారో అప్పుడు అర్థమైంది. "ఆవిడ అడ్రసు ఉందా?" అని అడిగాను. ఉందన్నారు, పాత డైరీలో. "అయితే ఇప్పుడు రాయండి. ఉన్నదున్నట్టు."

ఆయన రాశారో లేదో నేను అడగలేదు. రెండు నెలల తర్వాత ఒక గురువారం ఇండియా స్టాంపులున్న కవరు తెచ్చి బల్ల మీద పెట్టారు. విప్పలేదు.

"కళ్ళజోడు మర్చిపోయాను. నువ్వు చదువు."

కళ్ళజోడు చొక్కా జేబులోనే కనిపిస్తోంది. నేను కవరు విప్పాను. వంటవాడి కూతురు రాసింది, ఇంగ్లీషులో. తల్లి పోయి నాలుగేళ్ళయిందట. చీఫ్ గారి మొదటి ఉత్తరం వచ్చినప్పుడు ఊరి చర్చి ఫాదర్ దాన్ని కొంకణిలో చెప్పాడు. ఆ ఎనిమిది లైన్లు మాత్రం ఆయనకూ చెప్పడం చేతకాక, ఇంగ్లీషులో అలాగే చదివేశాడు. ఇంగ్లీషు ముక్క రాని ఆ తల్లి ప్రతి ఏడూ భర్త పోయిన రోజున ఆ లైన్లే చదివించుకునేది. ఒక్కసారీ అర్థం అడగలేదు. వింటూంటే పడవలో కూర్చున్నట్టుంటుంది అనేదట. "నాన్న బాధ పడే పోయి ఉంటాడని అమ్మకు తెలుసు. అది ఎవరూ చెప్పనక్కర్లేదు. మీరు రాసిన చప్పుడు మాత్రం ఆవిడకు నచ్చింది" అని ఉంది చివర్లో.

చీఫ్ గారు రెండు చేతులూ బల్ల మీద పరిచి కూర్చున్నారు.

"అంటే నమ్మలేదన్నమాట."

"లేదండీ."

"మంచిది" అన్నారు. కొంచెంసేపటికి మళ్ళీ, "మంచిది" అన్నారు.

తర్వాత జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, ఆ కవిత ఇవ్వమని అడిగారు. అన్ని నెలల్లో ఆయన పైకి చదవడం అదే మొదటిసారి. కాకినాడ ఇంగ్లీషు, ఇంజిన్ హోరులో అరిచి అరిచి బొంగురుపోయిన గొంతు. పాదం చివర ఎక్కడ ఆగాలో నేనెవరికైనా నేర్పాలంటే ఏడాది పడుతుంది, ఆయన సరిగ్గా అక్కడే ఆగి ఊపిరి తీసుకున్నారు. ఎమ్మేలో ఇలాంటి కవితలు ఇన్ని వందల ఏళ్ళు ఎందుకు నిలిచాయని పదేసి పేజీల జవాబులు రాసి మార్కులు తెచ్చుకున్నాను. కొంకణి మాట్లాడే ఆ తల్లి పడవలో కూర్చున్నట్టుంటుందని ఒక్క ముక్కలో చెప్పింది, అది నాకు ఎవరూ పాఠంలో చెప్పలేదు.

ఆ తర్వాత రెండేళ్ళు చదువుకున్నాం. ప్రశ్నార్థకాలు తగ్గాయి గాని పూర్తిగా పోలేదు. "సముద్రానికి మన మీద కోపం ఉండదమ్మాయ్, దాని పని దానిది" అంటూనే ఉన్నారు. మేం మా ఇళ్ళ సంగతులు మాట్లాడుకున్నది తక్కువ. నేను ఆయన అపార్ట్‌మెంట్ ఎప్పుడూ చూడలేదు. ఆయన ఒక్కరే ఎలా వండుకుంటారో, సాయంత్రాలు ఏం చేస్తారో అడగలేదు. ఆయనా నన్ను అడగలేదు. ఇప్పుడది కష్టంగా ఉంది. ఇద్దరు ఒంటరివాళ్ళం వారానికో గంట పక్కపక్కన కూర్చుని, మూడో సంగతి గురించి మాట్లాడుకున్నాం. అంతే అనుకుంటే చిన్నదే. మా ఆయన లేని ఆ నాలుగు రోజులు నాకు గడిచింది దానివల్లే.

అస్థికలు గాల్వెస్టన్ దగ్గర సముద్రంలో కలుపుతున్నాం, రమ్మని కూతురు పిలిచింది. శనివారం మా ఆయనా నేనూ వెళ్ళాం. అక్కడి నీళ్ళు నీలంగా ఉండవు, టీ రంగులో ఉంటాయి. రాళ్ళ కట్ట మీద ఆమె, భర్త, మేమిద్దరం. మరెవరూ లేరు. "మీరు ఏదైనా చదవండి ప్లీజ్, నాకు ఆ పోయెమ్స్ రావు" అంది.

చదివాను. ఆ ఎనిమిది లైన్లే. గాలి బాగా కొడుతోంది. పక్కనున్న ఆమెకే వినిపించిందో లేదో తెలియదు. అయినా చివరిదాకా చదివాను. ఆమె కుండ ఖాళీ చేసి, కట్ట మీద కూర్చుండిపోయింది. మేమూ పక్కనే కూర్చున్నాం.

దూరంగా, రేవులోకి పిలుపు కోసం లంగరేసుకున్న ఓడలు ఆరేడు ఉన్నాయి. మేం వచ్చినప్పుడు అన్నీ పొడవుగా, పక్కకు తిరిగి కనిపించాయి. ఎప్పుడో గమనించలేదు గాని, పోటు తిరిగి నీటి వాలు మారినట్టుంది. ఒక్కొక్కటే, లంగరు చుట్టూ మెల్లగా తిరుగుతున్నాయి. మనుషులెవరూ కనిపించడం లేదు. మేం చూస్తూండగానే ఆ ఓడలన్నీ నిలువుగా తిరిగి సన్నగా కనిపిస్తూ, ముక్కులు ఒకే దిక్కుకు పెట్టి నిలబడ్డాయి.