దించమనేదాకా

నా మోకాలికి ఆపరేషన్ అయిన ఏడాదే మా కోడలి నడుము పట్టేసింది. ఆ రెండింటికీ సంబంధం ఉంది. అప్పుడు నా బరువు అరవై ఎనిమిది కిలోలు. మంచం మీది నుంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదికి నన్ను రోజూ ఆమే ఎత్తి కూర్చోబెట్టేది. మా అబ్బాయి చేయి వేయబోతే, "శనక్కాయల మూటను ఎత్తినట్టు ఎత్తుతాండావు, జరుగు" అని పక్కకు తోసేది. నాకు నడక వచ్చేసరికి ఆమె వంగలేకుండా అయింది. నా కాలికి వ్యాయామం చేయించే అతను ఆమెను చూసి, మందులతో పోయేది కాదు, నడుముకు బలం కావాలి, బరువులు ఎత్తడం నేర్చుకోమన్నాడు.

నాకు నచ్చలేదు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషిని. తీసివేయాల్సిన చోట కూడమన్నట్టు అనిపించింది. అయినా ఎవరు నేర్పుతారో చూద్దామని మొదటిరోజు నేనూ వెంట వెళ్లాను.

కర్నూలు వన్‌టౌన్‌లో ఒక రేకుల షెడ్డు అది. నేర్పేవాణ్ని అందరూ ఉస్తాద్ అంటారు. పగలంతా బోరు మోటార్లు బాగు చేస్తాడు, సాయంత్రం ఇనుము ఎత్తిస్తాడు. నన్ను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, "టీచరమ్మా, మీరు గూడా ఎత్తుతారా?" అన్నాడు.

"నన్ను ఎత్తేవాళ్లుంటే చాలప్పా నాకు" అన్నాను.

ఆ రోజు కోడలు ఎత్తింది ఉత్త ఇనుపకడ్డీ, ఇరవై కిలోలు. ల్యాబులో రోజంతా జనానికి రక్తం తీసే చేతులు కాబట్టి అవి వణకలేదు. కాళ్లు వణికాయి. ఇంటికొచ్చాక వంటింటి క్యాలెండర్లో పాల గుర్తు కింద ఆ ఇరవై వేశాను. అప్పటి నుంచి అది నా పనైంది. ఆమె చెప్పులు విడిచేలోపే "ఎంత?" అని అడిగేదాన్ని.

ఒక సాయంత్రం నేను అడగకముందే చెప్పింది. "అత్తా, ఈ పొద్దు నీ బరువు దాటినా."

"ఎంతెత్తినావు?"

"డెబ్బై."

"నేనిప్పుడు అరవై ఆరే. మొన్ననే దాటింటావు."

"ఆ మాట మొన్ననే చెప్పింటే పాయసం చేసుకొని తింటాంటి కదా" అంది. ఆ రాత్రికి చేశాను.

పోను పోను ఉస్తాద్ ఆమెను పవర్‌లిఫ్టింగ్ పోటీలకు తయారు చేశాడు. ఆ పోటీలో మూడు రకాలు ఉంటాయి. కడ్డీని భుజాల మీద పెట్టుకుని గొంతుక్కూర్చుని లేవాలి, అది స్క్వాట్. వెల్లకిలా పడుకుని ఛాతీ మీది నుంచి పైకి తోయాలి, అది బెంచ్. నేల మీది నుంచి పట్టి లాగి నిటారుగా నిలబడాలి, అది డెడ్‌లిఫ్ట్. ఒక్కోదానికి మూడు అవకాశాలు. మూడింటిలో మంచివి ఏరి కూడితే మొత్తం వస్తుంది. కూడిక ఉంది కాబట్టి నాకు త్వరగానే మనసు కుదిరింది. డెడ్‌లిఫ్ట్ మా కోడలి సొత్తు. దాంట్లో ముఖ్యమైన కట్టుబాటు ఒకటుంది. ఎత్తి నిలబడ్డాక రెఫరీ చేయి కిందికి దించి "డౌన్" అనేవరకు వదలకూడదు. ఉస్తాద్ ఎదురుగా చేయెత్తి నిలబడి, కావాలనే దించకుండా, టీ కొట్టువాడితో మాట్లాడుతూ ఉండేవాడు. ఆమె పళ్లు కొరుకుతూ అట్లాగే నిలబడేది.

పోయిన ఏడాది కర్నూల్లో జరిగిన సీమ జిల్లాల పోటీలో రెండున్నర కిలోల తేడాతో రెండో స్థానం వచ్చింది. మొదటి స్థానం వస్తేనే రాష్ట్ర పోటీకి పంపుతారు. ఈ ఏడాది పోటీ కడపలో అని తెలిసినప్పటి నుంచి ఆమెకు అదే ధ్యాస. "వచ్చే ఏడాదికి నలభై నిండుతాయి అత్తా. ముసలోళ్ల గుంపులో ఎయ్యకముందే ఒక్కసారి పోయి రావల్ల" అనేది.

కడపకు ఆమె తల్లి కూడా వచ్చింది. వాళ్లది కోసిగి పక్క పల్లె. ఏటా మిరపకోతలకు గుంటూరు వైపు వలస పోతుంది కాబట్టి కూతురు పోటీ ఆమె ఎన్నడూ చూడలేదు. బస్సులో దారి పొడుగునా ఆమెది ఒకటే ప్రశ్న. "మేము మూటలెత్తితే వాళ్లు దుడ్లిస్తారు. నువ్వు దుడ్లు కట్టి ఎత్తుతాండావా?"

"నువ్వు తీసుకున్న కూలికి లెక్క సరిపోవల్ల కదమ్మా, అందుకే కడతాండా" అంది కోడలు.

మా వియ్యపురాలికి ఒక అలవాటుంది. వాళ్ల ఊళ్లో అందరికీ ఉన్నదే. నెత్తిన బరువుతో ఎవరైనా కనబడితే ముందు "దించమ్మా" అంటారు. తర్వాత నీళ్లిస్తారు. ఎవరు, యాడికి అన్న మాటలన్నీ ఆ తర్వాతే. బరువు మోస్తున్న మనిషిని నిలబెట్టి మాట్లాడటం పాపమంటారు. కర్నూలుకు వచ్చినప్పుడు నేను కూరగాయల సంచితో లోపలికొచ్చినా ఆమె ముందు అనే మాట "దించు వదినా".

ఆ రాత్రి కడపలో చర్చివాళ్లు ఇచ్చిన గదిలో దిగాం. పొద్దున అక్కడే ప్రార్థన చేసుకున్నాక నేను బొరుగుల ఉగ్గాని డబ్బా తెరిచాను. "ఖాళీ కడుపుతో ఎట్లెత్తుతావు? కొంచెం తిను."

"త్రాసెక్కి దిగినాక తింటా అత్తా. అప్పుడు డబ్బాను గూడా తింటా."

పోటీకి ముందు అందరినీ తూచారు. త్రాసు మీద మా కోడలు అరవై రెండు కిలోల నాలుగు వందల గ్రాములు. ఆమెకు గట్టి పోటీ అన్న కడప అమ్మాయి మూడు వందల గ్రాములు ఎక్కువ.

పోటీ ఒక కల్యాణ మండపంలో పెట్టారు. స్క్వాట్‌లో మా కోడలు వంద ఎత్తింది, ఆ అమ్మాయి నూట ఐదు. బెంచ్‌లో మాది నలభై ఏడున్నర, ఆమెది యాభై. ఏడున్నర వెనకబడ్డాం. డెడ్‌లిఫ్ట్ మిగిలి ఉంది కాబట్టి నేను కంగారు పడలేదు. మొదటి అవకాశంలో నూట పదిహేను సులువుగా లేచింది. రెండోసారి నూట ఇరవై రెండున్నర పెట్టారు. కడ్డీ వంగింది, మోకాళ్లు దాటింది, ఆమె నిటారుగా నిలబడింది. రెఫరీ చేయి ఇంకా పైనే ఉంది. నా పక్కనున్న వియ్యపురాలు ఒక్కసారిగా లేచింది.

"దించమ్మా, దించు తల్లీ."

బరువు కిందికి వచ్చేసింది. మూడు ఎర్ర లైట్లూ వెలిగాయి. లెక్కలోకి రాదన్నమాట.

"ఎవరన్నారో గూడా చూడల్యా. చెవిన పడింది, దించేసినా" అంది కోడలు, మా దగ్గరికొచ్చి.

"రెఫరీ కంటే అమ్మ పెద్దది కదమ్మా, ఏం చేస్తాం" అన్నాడు ఉస్తాద్.

విషయం అర్థమై వియ్యపురాలు కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "నా నోరు పడిపోను. నేను బయట కూసుంటా వదినా."

ఇంతలో కడప అమ్మాయి నూట ఇరవైతో ముగించింది. ఆమె మొత్తం రెండు వందల డెబ్బై ఐదు. మాకు మిగిలింది ఒక్క అవకాశం. నేను కూడి చూసుకుని, "నూట ముప్పై పెట్టించు ఉస్తాద్. అంతకు తక్కువైతే గెలవదు" అన్నాను. షెడ్డులో కూడా ఆమె నూట ఇరవై ఐదు దాటలేదని నాకు తెలుసు. క్యాలెండరు నాదే.

"నూట ఇరవై ఏడున్నర చాలు టీచరమ్మా. సమానమైతే ఒంటి బరువు తక్కువున్న మనిషిదే గెలుపు. పొద్దున త్రాసెక్కకముందే మీ ఉగ్గాని తినింటే ఇప్పుడు నూట ముప్పై ఎత్తాల్సొచ్చేది."

నేను డబ్బా మూత గట్టిగా పెట్టాను.

కోడలు చేతులకు సుద్దపొడి రాసుకుంటూ తల్లి దగ్గరికి వచ్చింది. "యాడికీ పోవద్దు. ఈడే నిలబడు. ఆయప్ప చెయ్యి కిందికి దించినాక నువ్వు చెప్పు. నువ్వు చెప్పేదాంక దించను."

"ఆయప్ప దించకపోతే?"

"మోసుకొనే ఉంటా."

కడ్డీ ఈసారి నేలను వదలడానికే మొరాయించింది. మోకాళ్ల దగ్గర ఆగినట్టే అయింది. మెల్లగా, వెంట్రుకవాసి చొప్పున కదులుతూ పైకొచ్చింది. ఆమె భుజాలు వెనక్కి పోయాయి. రెఫరీ చేయి దించి "డౌన్" అన్నాడు. హాలంతా చప్పట్లు. ఆమె దించలేదు. మెడనరాలు తాళ్లలా తేలి ఉన్నాయి, చూపు మా వైపే ఉంది. మా వియ్యపురాలు రెండు చేతులతో నోరు మూసుకుని నిలబడింది. నేను మోచేత్తో పొడిచాను.

"చెప్పు వదినా. చెయ్యి దించినాడు."

"దించమ్మా" అంది ఆమె. నాకే సరిగ్గా వినబడలేదు.

కోడలు వంగి, నిండుకుండను చుట్టకుదురు మీద పెట్టినట్టు ఆ బరువును నేల మీద పెట్టింది. రెండు తెల్ల లైట్లు, ఒక ఎర్ర లైటు. రెండు తెల్లవి చాలు.

అందరూ ఆమెను చుట్టుకోబోతుంటే వియ్యపురాలు నీళ్ల సీసాతో వాళ్లను తోసుకుంటూ వెళ్లింది. కూతురు తాగేదాకా ఏమీ అడగలేదు. తాగాక అడిగింది.

"ఎంతుంటాది అది?"

"నూట ఇరవై ఏడున్నరమ్మా."

"అంటే మీ అత్తలాంటోళ్లు ఇద్దరు."

"ఇద్దరు కాదు. నాలుగున్నర కిలోలు తక్కువ" అన్నాను.

కోడలు నా చేతిలోని డబ్బా లాక్కుని, నేల మీదే కూలబడి, సుద్ద అంటిన చేత్తోనే మిగిలిన ఉగ్గాని నోట్లో పెట్టుకుంది.

"ఆ నాలుగున్నర రాష్ట్ర పోటీలో ఎత్తుతా లే అత్తా" అంది. "నువ్వు మాత్రం అంతలోపల లావు కావద్దు."